‘టింగ్’ అంటే వస్తువా, సభా? ఒక స్కాండినేవియన్ మాట పుట్టుక

మీ ప్రశ్న సారాంశం ఇది. నార్వేజియన్ నేర్చుకుంటున్న మీకు ‘ఎన్ టింగ్’ అంటే ఒక వస్తువు అని తరగతిలో చెప్పారు. కానీ ఆ దేశపు పార్లమెంటు పేరు ‘స్టోర్టింగ్’. ‘స్టోర్’ అంటే పెద్ద కనుక ఆ పేరుకు ‘పెద్ద వస్తువు’ అని అర్థమా అని మీకు సందేహం వచ్చింది. ఆ తరువాత ఇల్లు కొన్నప్పుడు కాగితాల మీద ‘టింగ్‌ల్యూసింగ్’ అనే మాట కనిపించింది. ఈ మూడు చోట్లా ఉన్నది ఒకే మాటా, లేక ధ్వని కలిసిన వేరు వేరు మాటలా అని అడిగారు.

మూడూ ఒకే మాట. అయితే మీరు ఊహించిన వరుస తలకిందులుగా ఉంది. వస్తువు అనే అర్థం ముందు పుట్టి సభకు పాకలేదు. సభ అనే అర్థమే పాతది. సభలో విచారణకు వచ్చే వ్యాజ్యం, ఆ వ్యాజ్యం నుంచి ఏదైనా ఒక విషయం, విషయం నుంచి చేతితో పట్టుకోగల వస్తువు అనే క్రమంలో ఆ మాట దిగి వచ్చింది. స్కాండినేవియన్ భాషల నుంచి అనువాదాలు చేస్తూ చాలా ఏళ్లు గడిపిన నాకు ఈ ఒక్క మాట ఆ సమాజాల చరిత్రను ఎంతగా దాచుకుందో చూసినప్పుడల్లా ఆశ్చర్యం కలుగుతుంది కనుక, కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందు నేటి వాడుక చూద్దాం. నార్వేజియన్, డేనిష్ భాషలలో ఈ రెండు అర్థాలనూ వేరు చేసేది లింగం. ‘ఎన్ టింగ్’, ‘టింగెన్’ అంటే వస్తువు లేదా విషయం. ‘ఎట్ టింగ్’, ‘టింగెట్’ అంటే సభ, కోర్టు, శాసనసభ. అందువల్ల వార్తలలో ‘స్టోర్టింగెట్’ అని వినిపించినప్పుడు చివరి ‘ఎట్’ చూసి అది సభ అని తెలుసుకోవచ్చు. స్వీడిష్‌లో ఈ సౌకర్యం లేదు. అక్కడ రెండు అర్థాలకూ ‘ఎట్ టింగ్’ అనే అంటారు, ఏ అర్థమో సందర్భాన్ని బట్టి గ్రహించవలసిందే. ఐస్‌లాండిక్‌లో పరిస్థితి ఇంకా వేరు. అక్కడ ఈ మాటకు నేటికీ ప్రధానార్థం సభే. వస్తువును ‘హ్లుతుర్’ అంటారు. ఆ మాటకు వాటా అనే అర్థం కూడా ఉంది. వస్తువు అనే అర్థం ఐస్‌లాండిక్‌లో పూర్తిగా లేదని మాత్రం అనకూడదు. ఎంతో అవసరానికి వచ్చే వస్తువును ‘థార్ఫాథింగ్’ అంటారు. ఆ సమాసంలో ఆ అర్థం నిలిచి ఉంది.

ఇక్కడ ‘థ’ అని రాశానే గాని అది తెలుగు ‘థ’ కాదు. నాలుక కొనను పళ్ల మధ్య ఉంచి గాలి వదిలినప్పుడు వచ్చే ధ్వని అది. ఆంగ్లంలో ఆలోచించడం అనే అర్థమున్న ‘థింక్’ మొదటి ధ్వనిని ఆంగ్లేయులు పలికినట్టు పలకాలి. ఐస్‌లాండ్ వారు దానికి ‘థోర్న్’ అనే ప్రత్యేకాక్షరాన్ని నేటికీ రాస్తారు. నార్వే, డెన్మార్క్, స్వీడన్‌లలో ఆ ధ్వని మధ్యయుగం చివరికి ‘ట’గా మారింది, జర్మన్‌లో ‘డ’ అయింది. ఈ మార్పులను సంస్కృతం తెలిసినవారు సులభంగా సరిచూసుకోవచ్చు. సంస్కృతంలో ‘త్రి’, ఐస్‌లాండిక్‌లో ‘థ్రీర్’, ఆంగ్లంలో ‘థ్రీ’, నార్వేజియన్‌లో ‘త్రే’, జర్మన్‌లో ‘ద్రై’. ఇదే అచ్చులో పోస్తే ఐస్‌లాండిక్ ‘థింగ్’, ఆంగ్లపు ‘థింగ్’, నార్వేజియన్ ‘టింగ్’, జర్మన్ ‘డింగ్’ ఒకే తల్లి బిడ్డలని తేటపడుతుంది. కాబట్టి మీకు చిన్ననాటి నుంచి తెలిసిన ఆంగ్ల పదం కూడా ఈ కుటుంబంలోదే. పాత ఆంగ్లంలో దానికీ సభ అనే అర్థం ఉండేది. 7వ శతాబ్దం చివరి కెంట్ రాజ్యపు శాసనాలలో అది ఆ అర్థంలోనే వాడబడింది.

సభ అనే అర్థానికి వెనుక మరొక మెట్టు ఉంది. 4వ శతాబ్దంలో బిషప్ వుల్ఫిలా బైబిలును ఈ కుటుంబానికే చెందిన పాత భాష గోతిక్‌లోకి అనువదించినప్పుడు కాలం, సమయం అనే అర్థంలో ‘థీహ్స్’ అనే మాట వాడాడు. ‘థింగ్’కు ఇది అతి దగ్గరి బంధువని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. దాన్నిబట్టి ‘థింగ్’ అంటే మొదట ‘నిర్ణయించిన సమయం’ అని, ఆ సమయానికి అందరూ చేరడం వల్ల ఆ చేరికకే ఆ పేరు వచ్చిందని ఎక్కువమంది అంగీకరించే వివరణ. ఇది వినగానే దూరాన్వయంలా అనిపించవచ్చు గాని, మన కోర్టు భాష ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ‘వాయిదా’ అంటే గడువు, నిర్ణయించిన రోజు. అయినా “రేపు వాయిదా ఉంది, గుంటూరు వెళ్లాలి” అన్నప్పుడు మనం చెప్పేది కోర్టులో జరిగే విచారణ గురించే. కాలాన్ని చెప్పే మాట ఆ కాలంలో జరిగే పనికి పేరైపోయింది. వేల ఏళ్ల కిందట ఉత్తర ఐరోపాలో ‘థింగ్’కు జరిగినదీ ఇలాంటిదే.

ఇంకా లోతుకు వెళితే, ఆ కాలవాచకానికి మూలం ‘సాగడం, చాచడం’ అనే అర్థమున్న, సంస్కృతానికీ చాలా ఐరోపా భాషలకూ ఉమ్మడి మూలమైన ఇండో యూరోపియన్ భాషలోని ధాతువని, సాగిన కాలఖండమే సమయమైందని పండితులు వివరిస్తారు. ఆ ధాతువు సంస్కృతంలో ‘తన్’. తంతువు, తంత్రం, సంతానం, వితానం అనే మాటలన్నీ దాని నుంచి వచ్చినవే. సాగదీస్తే పలచబడుతుంది కనుక ‘తను’ అంటే సన్ననిది. నార్వేజియన్‌లో పలుచనిదాన్ని ‘ట్యున్’ అంటారు, జర్మన్‌లో ‘డ్యున్’ అంటారు. ‘తను’, ‘ట్యున్’ల బంధుత్వం సందేహం లేనిది. ‘టింగ్’ కూడా ఆ కుదురులోదే అన్నది దానంత గట్టి నిర్ధారణ కాదు, బలమైన ప్రతిపాదన. ఈ తేడాను గుర్తుంచుకోమని కోరుతున్నాను. ధ్వని కలిసిన ప్రతి మాటనూ సంస్కృతానికి ముడిపెట్టే అలవాటు నిరుక్త చర్చలను చాలా చోట్ల పాడుచేసింది.

ఈ సభలు ఎంత పాతవో తెలిపే రాతి సాక్ష్యం ఒకటి ఉంది. అది స్కాండినేవియాలో కాక ఉత్తర ఇంగ్లాండులో, రోమన్లు కట్టిన హాడ్రియన్ గోడ మీది హౌస్‌స్టెడ్స్ కోటలో దొరికింది. రోమన్ సైన్యంలో పనిచేసిన జర్మానిక్ సైనికులు 3వ శతాబ్దంలో అక్కడ ‘మార్స్ థింగ్సస్’ అనే దేవతకు, అంటే ‘థింగ్’కు అధిపతి అయిన యుద్ధదేవత మార్స్‌కు, బలిపీఠం నిలిపారు. రోమన్లు మార్స్ అన్న ఆ దేవతను నార్స్ ప్రజలు, అంటే పాత స్కాండినేవియన్లు, ‘త్యూర్’ అన్నారు. అందుకే మార్స్ రోజు నార్వేలో ‘తీర్స్‌దాగ్’ అయింది. జర్మనీలో ‘దీన్స్‌టాగ్’, నెదర్లాండ్స్‌లో ‘దిన్స్‌దాగ్’ అయింది. ఈ చివరి రెండు పేర్లలో ఉన్నది ‘థింగ్’ అనే మాటే అని సాధారణంగా అంగీకరించిన అభిప్రాయం. మనకు కుజుడి వారమైన మంగళవారం వారికి సభాధిపతి వారమన్నమాట. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ క్రీ.శ. 98 ప్రాంతంలో జర్మానిక్ తెగల గురించి రాస్తూ, వారు అమావాస్యకో పౌర్ణమికో సమావేశమవుతారని, ఆయుధాలతోనే కూర్చుంటారని, నచ్చని మాటకు గొణుగుతారని, నచ్చితే బల్లేలు ఆడిస్తారని వర్ణించాడు. నిర్ణీత సమయం అనే అర్థానికి ఈ చంద్రుని లెక్క ఎంత చక్కగా అతుకుతుందో గమనించండి.

సభ అనే అర్థంలో ఈ మాట పూర్తి వైభవాన్ని చూడాలంటే ఐస్‌లాండ్‌కు వెళ్లాలి. నార్వే నుంచి వలస వెళ్లినవారు అక్కడ రాజు లేని దేశాన్ని ఏర్పరచుకొని, 930 ప్రాంతంలో ‘ఆల్థింగి’ని, అంటే అందరి సభను, స్థాపించారు. అది కూడిన చోటు థింగ్వెల్లిర్, ‘సభా మైదానాలు’. ఏటా వేసవిలో సుమారు రెండు వారాల పాటు, దేశం నలుమూలల నుంచి గుర్రాల మీద వచ్చినవారు రాళ్లతో, మట్టిగడ్డలతో కట్టిన గుడిసెలలో దిగేవారు. ఆ గుడిసెల గోడల ఆనవాళ్లు నేటికీ నేల మీద కనిపిస్తాయి. సభలో ఒకే ఒక్క ఉద్యోగి ‘లోగ్‌సోగుమాదుర్’, అంటే ధర్మం చెప్పేవాడు. లిపిలో చట్టం లేని ఆ కాలంలో మొత్తం చట్టాన్ని కంఠస్థం చేసి, ఏడాదికి మూడో వంతు చొప్పున, తన మూడేళ్ల పదవీకాలంలో అంతటినీ ‘లోగ్‌బెర్గ్’ అనే ధర్మశిల మీద నిలబడి వినిపించడం అతని విధి. వేదాన్ని కంఠస్థంగా నిలుపుకున్న సంప్రదాయం ఎరిగిన మనకు ఇది నమ్మశక్యం కానిదేమీ కాదు. చట్టాన్ని తోలుపత్రాల మీదికి ఎక్కించడం 1117–18 శీతకాలంలో మొదలైంది.

ఆ సభలో జరిగినదానిలో పెద్ద భాగం వ్యాజ్యాల విచారణే. ఈ అంశం మన ప్రశ్నకు కీలకం. భూమి తగాదాలు, హత్యకు ఇవ్వవలసిన పరిహారం, వారసత్వం, దొంగతనం, బహిష్కరణ, ఇవన్నీ అక్కడే తేలేవి. 965 ప్రాంతంలో దేశాన్ని నాలుగు భాగాలు చేసి ఒక్కొక్కదానికీ ఒక న్యాయస్థానం పెట్టారు; అక్కడ తేలనివాటి కోసం 1005 ప్రాంతంలో అయిదవ న్యాయస్థానం ఏర్పడింది. 1000 ప్రాంతంలో దేశం క్రైస్తవం స్వీకరించాలా వద్దా అన్న వివాదం అంతర్యుద్ధం అంచుకు వెళ్లినప్పుడు, దాన్ని కూడా ఒక వ్యాజ్యంలాగే ధర్మం చెప్పే థోర్‌గెయిర్‌కు అప్పగించారు. ఆయన స్వయంగా పాత దేవతలను కొలిచేవాడే అయినా, అందరికీ ఒకే చట్టం, ఒకే మతం ఉండాలని తీర్పు చెప్పాడు, సభ దానికి తలవంచింది. నార్వేలోని గులటింగ్ సభను వర్ణించే ఒక సాగాలో, అంటే పాత ఐస్‌లాండిక్ గద్యకథలో, న్యాయమూర్తులు కూర్చునే చోటు చుట్టూ హేజెల్ చెట్టు కర్రలు నాటి పవిత్రమైన తాడు కట్టేవారని ఉంది. ఆ తాడు లోపల హింసకు పాల్పడటం మహాపరాధం. పవిత్ర స్థలంలో రక్తం చిందించినవాడిని ‘పుణ్యస్థలంలో తోడేలు’ అనే మాటతో వెలివేసేవారు.

ఈ సభలను ఆధునిక ప్రజాస్వామ్యంగా భావించి పొంగిపోవడం సరికాదని కూడా చెప్పాలి. బానిసలకు అక్కడ గొంతు లేదు. న్యాయమూర్తులు, ఓటు ఉన్నవారు స్వతంత్రులైన పురుషులే. ఐస్‌లాండ్‌లో అసలు బలం ‘గోదీ’లనే స్థానిక నాయకుల చేతిలో ఉండేది, తీర్పు అమలు చేయించే ప్రభుత్వ యంత్రాంగమంటూ ఏదీ లేదు. అయినా, కత్తితో తేల్చుకోగలిగినవాళ్లు మాటతో తేల్చుకోవడానికి ఏటా ఒకచోట చేరారన్నది చిన్న విషయం కాదు.

ఇప్పుడు అర్థం మారిన మలుపుకు వద్దాం. సభ పేరు అక్కడ విచారించే వ్యాజ్యానికి పాకడం సహజం. “ఈ థింగ్‌లో తేలాలి” అన్న మాట కొన్నాళ్లకు “ఈ థింగ్ తేలాలి” అవుతుంది. వ్యాజ్యం అన్న అర్థం స్థిరపడ్డాక, కోర్టుతో నిమిత్తం లేని విషయానికి, చివరకు ఏ వస్తువుకైనా ఆ మాట చెల్లుతుంది. ఇది ఒంటరి సంఘటన అయితే అనుమానించవచ్చు గాని, ఇదే దారిలో నడిచిన మాటలు చుట్టూ ఉన్నాయి. స్వీడిష్‌లో విషయానికీ వస్తువుకూ నిత్యం వాడే మరో మాట ‘సాక్’. పాత నార్స్‌లో దాని రూపం ‘సోక్’, అర్థం అభియోగం, వ్యాజ్యం. లాటిన్‌లో కారణం, వ్యాజ్యం అనే అర్థమున్న ‘కౌసా’ ఫ్రెంచిలో ‘షోజ్’, ఇటాలియన్‌లో, స్పానిష్‌లో ‘కోసా’ అయి, కేవలం ‘వస్తువు, విషయం’గా మిగిలింది. అంటే ఐరోపాలో సగం మంది తమ చుట్టూ ఉన్న వస్తువులను కోర్టు మాటలతోనే పిలుస్తున్నారు.

మన భాషలో ఇలాంటిది లేదా అంటే, ఉంది. ధర్మశాస్త్రాలలో ‘వ్యవహారం’ అంటే వ్యాజ్యం. యాజ్ఞవల్క్య స్మృతిలో ఒక అధ్యాయం పేరే వ్యవహారాధ్యాయం. నేడు “ఈ వ్యవహారమేమిటి?” అని అడిగే మనిషి మనసులో న్యాయస్థానం ఉండదు. ‘సంగతి’ కూడా చూడండి. సంస్కృతంలో దాని మూలార్థం కలిసి వెళ్లడం, కలయిక. తెలుగులో సంగతి అంటే విషయం, కబురు. సంగతి న్యాయసభ గుండా రాలేదు కనుక ‘టింగ్’కు అచ్చమైన జోడీ కాదు. అయినా కలయికను చెప్పే మాట విషయాన్ని చెప్పే మాటగా మారిందన్న మేరకు రెండింటి పోలిక నిజమే. నాకు మాత్రం ‘టింగ్’ను తెలుగు చేయవలసి వచ్చినప్పుడల్లా, సభ అనే అర్థం లేనిచోట, ‘వస్తువు’ కన్నా ‘సంగతి’యే ముందు తోస్తుంది.

అర్థం ఇలా పలచబడిన తరువాత ఆ మాట సర్వనామాలలో కూడా చేరింది. స్వీడిష్‌లో ‘నోగోన్‌టింగ్’ అంటే ఏదో ఒకటి, ‘ఇంగెన్‌టింగ్’ అంటే ఏమీ లేదు. డేనిష్‌లో ‘ఆల్టింగ్’ అంటే సమస్తం. ఐస్‌లాండ్ పార్లమెంటు పేరును డేనిష్‌లో రాసినా అదే ‘ఆల్టింగ్’. అందరి సభ, అన్ని విషయాలు, రెండూ ఒకే అక్షరాలలో ఇమిడిపోయాయి.

క్రియలలో పాత వాసన ఎక్కువగా మిగిలింది. డేనిష్ ‘టింగె’ అంటే బేరమాడటం. స్వీడిష్ ‘టింగా’ అంటే ఒక సరుకును ముందుగా చెప్పి ఉంచుకోవడం. జర్మన్ ‘డింగెన్’ అంటే కూలికి కుదుర్చుకోవడం. మూడింటిలోనూ ఇద్దరు కూర్చుని మాట్లాడి షరతులు తేల్చుకునే చిత్రం ఉంది. షరతుకు డేనిష్‌లో, నార్వేజియన్‌లో ‘బెటింగెల్సె’ అనే మాట అందుకే వచ్చింది.

ఊరి పేర్లలో ఈ మాట వైకింగులు వెళ్లిన దారినంతా చూపిస్తుంది. థింగ్వెల్లిర్‌లోని ‘వెల్లిర్’కు ఏకవచనం ‘వోల్’, మైదానం. అదే జంట నార్వేలో టింగ్‌వోల్, షెట్లాండ్ దీవులలో టింగ్‌వాల్, స్కాట్లాండులో డింగ్‌వాల్, లివర్‌పూల్ దగ్గరి విర్రల్‌లో థింగ్‌వాల్. చివర ‘వాల్’ ఉంది కదా అని అక్కడ గోడ కోసం వెతకనక్కరలేదు. ఐల్ ఆఫ్ మాన్ పార్లమెంటు పేరు టిన్‌వాల్డ్ కూడా అదే; ప్రతి జులైలో సెయింట్ జాన్స్ గ్రామంలోని మెట్ల దిబ్బ మీద, ఆరుబయట, కొత్త చట్టాలను ఇప్పటికీ చాటిస్తారు. ఫారో దీవుల రాజధాని టోర్షావ్న్‌లో సముద్రంలోకి చొచ్చుకుపోయిన టింగనేస్ అనే రాతి కొనపై ఒకప్పుడు సభ జరిగేది, నేడు ప్రభుత్వ కార్యాలయాలు ఉన్నాయి. ఆంగ్లంలో ఎన్నికల ప్రచారానికి వాడే ‘హస్టింగ్స్’ అనే మాట పాత నార్స్ ‘హూస్‌థింగ్’, అంటే నాయకుడు తన ఇంటివారితో జరుపుకునే సభ. మనవాళ్లు ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఆ ఆంగ్ల పదం ఇంట మొదలై రచ్చకెక్కింది.

నేటి పార్లమెంటుల పేర్లు ఈ చరిత్ర తరువాత సులభమే. నార్వే స్టోర్టింగ్ 1814 రాజ్యాంగంతో ఏర్పడింది, అంటే ‘మహాసభ’. నేడు అందులో 169 మంది సభ్యులు. డెన్మార్క్ ఫోల్కెటింగ్ ‘ప్రజాసభ’, 179 మంది. ఐస్‌లాండ్ ఆల్థింగి 63 మంది; 1800లో రద్దయి, 1845లో రేక్యవిక్‌లో మళ్లీ సమావేశమైంది. 1944 జూన్ 17న గణతంత్ర ప్రకటనకు మాత్రం పాత మైదానానికే వెళ్లారు. ఉత్తర స్కాండినేవియా మూలవాసులైన సామీ ప్రజల ప్రతినిధి సభను నార్వేలో ‘సామెటింగ్’ అంటారు. అది 1989లో మొదలైంది. స్వీడన్ పార్లమెంటు ‘రిక్స్‌దాగ్’ ఈ వరుసలో లేదు. అక్కడ ‘టింగ్’ న్యాయస్థానం వైపు నిలిచింది: మొదటి అంచె కోర్టు పేరు ‘టింగ్స్‌రెట్’. నార్వేలోనూ మొదటి అంచె కోర్టు ‘టింగ్‌రెట్’, కోర్టు భవనం ‘టింగ్‌హూస్’. పై కోర్టులలో నాలుగు మధ్యయుగపు సభల పేర్లనే, గులటింగ్, ఫ్రోస్తటింగ్, బోర్గార్టింగ్, ఐద్సివటింగ్ అని, నేటికీ మోస్తున్నాయి.

ఇక మీ ఇంటి కాగితాలు. ‘టింగ్‌ల్యూసింగ్’లో మొదటిది మన సభే. రెండవది ‘ల్యూసె’ అనే క్రియ. దానికి వెలుగునివ్వడం, చాటించడం అనే రెండు అర్థాలున్నాయి. భూమి చేతులు మారినా, తాకట్టు పడినా, ఆ పత్రాన్ని స్థానిక సభలో అందరూ వినేలా చదివితేనే అది ఇతరుల మీద చెల్లేది. తరువాత ఎవరూ తమకు తెలియదనడానికి వీలుండేది కాదు. మన పల్లెల్లో దండోరా వేయించినట్టే. చదవడం క్రమంగా పుస్తకంలో నమోదుగా మారింది. నార్వేలో ఆ పుస్తకం ఎంతో కాలం కోర్టులలోనే ఉండి, 2004–2007 మధ్య దేశపు సర్వే, పటాల సంస్థ అయిన కార్ట్‌వెర్కెట్‌కు బదిలీ అయింది. డెన్మార్క్‌లో ఇప్పటికీ దానికి ప్రత్యేక న్యాయస్థానమే ఉంది. కాబట్టి మీ పత్రంలోని ఆ మాటను మన సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయపు భాషలో ‘రిజిస్ట్రేషన్’ అని చదువుకోండి. మాటకు మాట తెలుగు కావాలంటే మాత్రం అది ‘సభలో చాటింపు’.